కుళ్లిన చేపా, పిల్లచేపా?

ప్రశ్న: కైకలూరు దగ్గర ఒక చేపపిల్లల హేచరీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం రోజు హైస్కూలు పిల్లలకు చేపల పరిణామం గురించి ఒక గంట చెప్పమని మా ఊరి హెడ్‌మాస్టరు గారు అడిగారు. దానికోసం చదువుతుంటే, పిల్లచేపల శిలాజాల వల్ల దవడలున్న జీవుల తొలినాటి చరిత్ర తెలుస్తోందని ఒకచోట కనిపించింది. నాకు మూడు సందేహాలు. రాతిలో దొరికిన చిన్న చేప పిల్లదో, పుట్టుకతోనే చిన్న జాతిదో ఎలా చెబుతారు? పిండం పెరిగేటప్పుడు తన పూర్వీకుల రూపాలన్నీ వరసగా దాటి వస్తుందని చదువుకున్నాం. ఆ లెక్కన పిల్లచేప శిలాజాన్ని పూర్వీకుడి బొమ్మగా చూపించవచ్చా? మన రాళ్లలో ఇలాంటివి దొరుకుతాయా? మా హేచరీలో తోటివాళ్లు మాత్రం “బతికున్న పిల్లల లెక్కే తేలదు, చచ్చిన పిల్లల లెక్క నీకెందుకు” అని నవ్వుతున్నారు.

సమాధానం: మీకు చేపపిల్లల గురించి చెప్పబోవడం చేపపిల్లకు ఈత నేర్పబోవడమే. కాబట్టి మీరు రోజూ చూసేదానితోనే మొదలుపెడతాను. గుడ్డు పగిలి మూడు రోజులు దాటిన స్పాన్‌ను, అంటే మరీ లేత పిల్లలను, అరచేతి గుంటలో కాసిని నీళ్లతో తీసుకుంటే ఏం కనిపిస్తుంది? రెండు నల్లటి కళ్లు, వాటి వెనక వెంట్రుకంత ఒళ్లు. పొలుసు లేదు, రెక్క తెలియదు. అది బొచ్చె పిల్లా, శీలావతి పిల్లా అని అడిగితే మీరు కూడా పిల్లను చూసి కాదు, ఏ తొట్టిలోంచి తీశారో చూసి చెబుతారు. నర్సరీ చెరువులో రెండు మూడు వారాలు మేసి అంగుళానికి వచ్చాకగానీ ముఖం చూసి జాతి చెప్పడం కుదరదు.

ఇప్పుడు ఆ తొట్టిని, తొట్టి మీది చీటీని, మీ జ్ఞాపకాన్ని తీసి పక్కన పెట్టండి. ఆ వెంట్రుకంత పిల్లను బురదలో పూడ్చి, బురదను రాయిగా మార్చి, 38 కోట్ల ఏళ్ల తరవాత సుత్తితో పగలగొట్టండి. శిలాజ శాస్త్రవేత్త చేతికి వచ్చేది అదీ.

మీ మొదటి ప్రశ్నకు జవాబుగా ఒక చేప కథ చెబుతాను. దాన్ని ఎనభై ఏళ్లలో కనీసం నాలుగు రకాలుగా అర్థం చేసుకున్నారు.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో, గాస్పే ద్వీపకల్పం దక్షిణపు అంచున, రెస్టిగూష్ నది సముద్రంలో కలిసేచోట మిగ్వాషా అనే కొండగట్టు ఉంది. డెవోనియన్ యుగం (ఇంచుమించు 42 కోట్ల నుంచి 36 కోట్ల ఏళ్ల కిందటిది) చివరి భాగంలోని చేపల శిలాజాలకు అది పెట్టింది పేరు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. అక్కడి పొరల్లో చిటికెనవేలంత చేప ఒకటి విరివిగా దొరుకుతుంది. పేరు ట్రయాజ్యుగకాంథస్. నోరు తిరగకపోతే బాధపడకండి, నాకూ తిరగదు; ఇక్కడినుంచి మిగ్వాషా ముళ్లచేప అందాం. రెక్కల ముందు ఒక్కొక్క ముల్లు నిలిచి ఉండే అకాంథోడియన్లు అనే పాత చేపల గుంపు ఒకటి ఉండేది, ఇది ఆ గుంపులోది. బాగా పెరిగినది అయిదు సెంటీమీటర్లు.

దీనితోపాటు ఆ రాళ్లలోనే ఇంకా చిన్నవి, మరకల్లాంటివి దొరికాయి. ఒంటిమీద పొలుసు లేదు, ఎముకలు సరిగా లేవు. 1935లో గ్రహమ్-స్మిత్ అనే శాస్త్రవేత్త వీటిని ‘వింత జీవి’గా వర్ణించి, స్కామెనెల్లా అని కొత్త పేరు పెట్టారు. మిగ్వాషా తీరానికి పాత పేరు స్కామెనాక్ బే. అందులోంచి వచ్చిందా పేరు. వెన్నెముక ఇంకా పూర్తిగా ఏర్పడని ఆదిమ జీవుల్లో ఒకటని కొందరు అనుకున్నారు. దవడలేని కవచ చేపల లార్వా అని కొందరు, ముళ్లచేప పిల్లేనని కొందరు అన్నారు. చివరకు 1985లో వచ్చిన పరిశోధన ఇది అసలు వేరే జీవే కాదు, కుళ్లిన ముళ్లచేప అంది. చచ్చిన చేప నీటి అడుగున పడి కుళ్లుతుంటే పొలుసులు పోయి, ముళ్లు పోయి, ఆఖరికి మిగిలేది ఈ మరకే అని వాదన. సబబుగా ఉంది కదా. ముప్పై ఏళ్లపాటు చాలామంది ఒప్పుకున్నారు.

2015లో మారియన్ షెవ్రినే, రిషార్ క్లూటియే, జాన్-ఈవ్ సీర్ అనే ముగ్గురు ఆ ‘కుళ్లిన’ నమూనాలను మళ్లీ ముందేసుకుని కూర్చున్నారు. వాళ్లు పట్టుకున్న ఆధారం చెవిరాయి. చేప తల లోపల, ఒంటి సమతూకానికీ వినికిడికీ పనికొచ్చే చిన్న గట్టి గుళికలుంటాయి. కొన్ని సముద్రపు చేపల తలకాయ తింటుంటే పంటికింద రాయిలా తగిలేవి అవే. పిల్లలోనూ అవి ఉంటాయి, పెద్దదానిలోనూ ఉంటాయి. మిగతా ఒళ్లు ఎంత మారినా, ఈ చెవిరాళ్ల లక్షణాలను బట్టి ఇది ముళ్లచేపే అని గుర్తుపట్టవచ్చు. అలా గుర్తుపట్టినవి 188 తేలాయి. వాటిని సైజు ప్రకారం వరసలో పెట్టారు. అన్నిటికంటే చిన్నది అర సెంటీమీటరుకు అటూఇటు, అంటే ఇంచుమించు మీ స్పాన్ అంత.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి, మీ ఉపన్యాసానికి ప్రాణం ఇదే. పొలుసులు లేకపోవడానికి కారణం కుళ్లడమే అయితే ఏం జరగాలి? కుళ్లుకు చిన్నా పెద్దా తేడా లేదు. అయిదు సెంటీమీటర్ల చేపల్లో కూడా పొలుసు ఊడినవి బోలెడు ఉండాలి. సెంటీమీటరు చేపల్లో కూడా త్వరగా పూడుకుపోయి పొలుసుతో నిండుగా మిగిలినవి కొన్నయినా కనిపించాలి. అలా కాకుండా, సైజు పెరిగేకొద్దీ పొలుసు కప్పిన మేర కూడా పెరుగుతూ, ఎముకలు ఒకటొకటిగా చేరుతూ, ఒంటి కొలతలు లెక్కగా మారుతూ వస్తే అది కుళ్లు కాదు, పెరుగుదల. వరసలో కనిపించింది ఈ రెండోదే. పొలుసు లేని లార్వా దశ, పొలుసు కొద్దికొద్దిగా కప్పుతున్న పిల్ల దశ, నిండా కప్పిన పెద్ద దశ అని మూడు దశలు తేలాయి. కొన్ని నమూనాలు కాస్త కుళ్లిన మాట కూడా నిజమే. ఆ ముగ్గురూ దాన్ని కాదనలేదు. కానీ మరక మరకగా ఉండటానికి అసలు కారణం అది పిల్ల కావడం.

కాబట్టి ఒక్క శిలాజాన్ని చేతిలో పెట్టుకుని ఇది పిల్లా పెద్దా అని చెప్పడం చాలాసార్లు కష్టం. వరస కావాలి. వరసలో ఖాళీలు లేకుండా ఒకదాన్నుంచి ఒకటి సాగాలి, మారని గుర్తు ఒకటి మొదటినుంచి చివరిదాకా వెంట రావాలి. ఒకవేళ రెండు సెంటీమీటర్ల చేపే ఒళ్లంతా పొలుసు కప్పుకుని, ఎముకలు గట్టిపడి, పొలుసు లోపల ఎదుగుదల పొరలు చాలా కనిపిస్తూ ఉంటే అది పుట్టుకతోనే చిన్న జాతి అనుకోవడం న్యాయం. డిగ్రీ ప్రాక్టికల్ పరీక్షలో నేను పిల్ల జెల్లను చూసి మరో చేప పేరు రాసి మార్కులు పోగొట్టుకున్నాను. అప్పుడు నా ముందు ఒకే సీసా ఉంది. పక్కన ఇంకో నాలుగు సీసాలుంటే రాసేవాణ్ణి కాదని ఇప్పటికీ సర్దిచెప్పుకుంటాను.

రెండో ప్రశ్నకు వస్తాను. పిండం తన పూర్వీకుల రూపాలన్నీ దాటి వస్తుందన్న మాట 1866లో జర్మన్ శాస్త్రవేత్త హెకెల్ చెప్పినది. వినడానికి అందంగా ఉంటుంది, పరీక్షలో రాయడానికి తేలిక. అందుకే మన పాఠాల్లో అంతకాలం బతికింది. పిల్లలకు దయచేసి అది చెప్పకండి. అంతకు ముందే, 1828లో, వాన్ బేర్ అనే ఆయన మరింత జాగ్రత్తయిన మాట చెప్పారు. పెరుగుదలలో ముందు అందరికీ ఉమ్మడి లక్షణాలు కనిపిస్తాయి, తరవాత ఆ గుంపుకు చెందినవి, చివరికి ఆ జాతికే సొంతమైనవి. ఆయన దగ్గర స్పిరిట్‌లో వేసిన రెండు చిన్న పిండాలు ఉండేవట. చీటీ అతికించడం మరిచిపోయారు. అవి బల్లివా, పిట్టవా, పాలిచ్చే జంతువువా అన్నది కూడా చెప్పలేకపోతున్నానని ఆయనే రాసుకున్నారు. మీ తొట్టి మీది చీటీ పోయినట్టే.

ఈ తేడా చిన్నది కాదు. పిల్లలో ఇంకా రాని లక్షణం, పూర్వీకుడిలో అసలు లేని లక్షణం, రెండూ రాతిలో ఒకేలా కనిపిస్తాయి. రెండూ ‘లేదు’ అనే కదా. పొలుసులు రాని ముళ్లచేప పిల్లను పెద్దది అనుకుని వంశవృక్షంలో పెడితే అది తన కొమ్మ మీద నిలవదు, జారి మొదట్లోకి పోతుంది. స్కామెనెల్లాకు జరిగింది అదే: దవడలు, ముళ్లు ఉన్న చేపల పిల్లలు తీసుకెళ్లి వెన్నెముక జీవుల గడప దగ్గర కూర్చోబెట్టారు. కొత్తగా దొరికిన చిన్న ‘ఆదిమ చేప’ గురించి ఎక్కడ చదివినా, దాని పెద్దల్ని ఎవరైనా వెతికారా అని మొదట అడగండి.

ఇదే పొరపాటు బతికున్న జీవి విషయంలో కూడా జరిగింది. లాంప్రే గుర్తుందా? దవడలేని, జలగలా అతుక్కునే చేప. డిగ్రీలో దాని అమ్మోసీట్ లార్వా బొమ్మ గీసే ఉంటారు. కళ్లు చర్మం కింద దాగి, బురదలో కూరుకుని, నీళ్లు వడగట్టుకు తింటూ ఏళ్లు గడిపే ఆ లార్వాను చూసి, మన అందరి తొలి పూర్వీకుడు ఇలాగే ఉండేవాడని నూరేళ్లకు పైగా పాఠం చెప్పారు. దక్షిణాఫ్రికాలో మఖండా ఊరి దగ్గరి వాటర్లూ ఫామ్ అనేచోట 36 కోట్ల ఏళ్లనాటి లాంప్రే దొరికింది, పేరు ప్రిస్కోమైజాన్. దాని పిల్లలు కూడా దొరికాయి, కొన్నిటికి సొన సంచి ఇంకా పొట్టకే ఉంది. 2021లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, ఆ వయసుకే వాటికి పెద్ద కళ్లు, పీల్చే నోరు ఉన్నాయి. అచ్చం చిన్న సైజు పెద్దలు. బురదలో ఉండే అమ్మోసీట్ బతుకు లాంప్రేలు తరవాత ఎప్పుడో నేర్చుకున్నది, తాతలనాటి ఆస్తి కాదు. పిల్ల రూపం కూడా పరిణామంలో మారుతుంది. పెద్ద రూపం మారినట్టే మారుతుంది. నా దృష్టిలో హెకెల్ మాటకు ఇంతకన్నా గట్టి సమాధానం లేదు.

మరి పిల్లచేపల శిలాజాలు పూర్వీకుడి బొమ్మలు కాకపోతే వాటివల్ల దవడల చరిత్రకు ఒరిగిందేమిటి? బొమ్మగా కాదు, క్రమంగా ఒరిగింది. ఏది ముందు వచ్చింది, ఏది ఎలా పెరిగింది అన్నదాన్ని ఒక గుంపుతో ఇంకో గుంపును పోల్చవచ్చు.

పొలుసునే తీసుకోండి. జర్మనీలోని లెబాఖ్ దగ్గర, డెవోనియన్ తరవాత చాలాకాలానికి వచ్చిన పెర్మియన్ కాలపు రాళ్లలో, అకాంథోడీస్ అనే ముళ్లచేప చిన్నా పెద్దా సైజుల్లో దొరికింది. చిన్నవాటికి పొలుసు తోక వైపు మాత్రమే ఉంటుంది. పెరిగేకొద్దీ ముందుకు పాకుతుంది. ఒక్కొక్క పొలుసును అడ్డంగా కోస్తే లోపల ఉల్లిపాయలా పొరమీద పొర. చిన్నప్పటి పొలుసు మధ్యలో అలాగే భద్రంగా ఉంటుంది, దానిమీద కొత్త పొర కప్పుకుంటూ పోతుంది. నేటి ఎముక చేపల పొలుసు కూడా చేపతోపాటే పెరుగుతుంది. దాని వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడం మీకు తెలిసిందే. సొరచేప సంగతి వేరు. దాని ఒంటిమీది గరుకు పొలుసు ఒకసారి ఏర్పడ్డాక పెరగదు. ఒళ్లు పెరిగితే మధ్యలో కొత్తవి మొలుస్తాయి, పాతవి రాలిపోతాయి.

ముళ్లచేపలు సొరచేపల వైపువా, ఎముక చేపల వైపువా అని చాలాకాలం కొట్టుకున్నారు. 2012లో అకాంథోడీస్ పుర్రె లోపలి భాగాన్ని మళ్లీ పరిశీలించడం, చైనాలో వరసగా బయటపడిన కొత్త చేపలు, అన్నీ కలిసి ఇప్పుడు అవి సొరచేపల కొమ్మ మొదట్లోవని చాలామంది ఒప్పుకుంటున్నారు. ఒప్పుకున్నాక పొలుసు సంగతి కొత్తగా అర్థమవుతుంది. సొరచేపల పూర్వీకుల పొలుసు ఎముక చేపల పొలుసులాగే పెరిగేదంటే, పెరిగే పొలుసే పాతది. సొరచేపలు దాన్ని వదిలేసుకున్నాయి. సొరచేపను చూసి ‘మారకుండా మిగిలిన ఆదిమ చేప’ అనడం మనకు అలవాటు. ఈ ఒక్క విషయంలోనైనా అది బాగా మారిన చేప, మీ చెరువులోని శీలావతే పాత పద్ధతిలో ఉంది. పిల్లలకు ఈ మాట నచ్చుతుంది.

పళ్ల కథ ఇంకా తమాషా. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గోగో ప్రాంతంలో సున్నపురాతి గుండ్లలో డెవోనియన్ చేపలు నలగకుండా, పూర్తి ఆకారంలో దొరుకుతాయి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంలో వేసి, రాయిని కొద్దికొద్దిగా కరిగించి, చేపను బయటికి తీస్తారు. తల, భుజాలు పలకలతో కప్పి ఉండే ప్లాకోడెర్మ్‌లు అక్కడ చాలా ఉన్నాయి. దవడలున్న జీవుల వంశవృక్షంలో ఇవి మొదటి మెట్ల మీదివి. వాటి నోట్లో పెద్దయ్యాక కనిపించేది కత్తిపీట లాంటి ఎముక అంచు. కాబట్టి వీటికి నిజమైన పళ్లు లేవని చాలామంది అనుకునేవారు. 2012లో కంపాగోపిస్సిస్ అనే ప్లాకోడెర్మ్ పిల్లల, పెద్దల దవడలను స్విట్జర్లాండ్‌లోని సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం ఇచ్చే శక్తిమంతమైన ఎక్స్-రేలతో, కోయకుండానే లోపలిదాకా చూశారు. ఎముక పెరుగుదల ఆగి మళ్లీ సాగినప్పుడల్లా పడిన గీతలు చెట్టు కాండంలో వలయాల్లా ఉన్నాయి. ఆ గీతల వెంట వెనక్కు నడుచుకుంటూ పోతే, లోపల గుజ్జు గది, దంతపు పదార్థం ఉన్న పళ్లు ఒకదాని తరవాత ఒకటి చేరిన క్రమం కనిపించింది. వాడగా వాడగా పాతవి అరిగి, లోపల పూడిపోయి, కత్తి అంచులో కలిసిపోయాయి. పెద్దచేపను మాత్రమే చూసినవారికి పళ్లు కనిపించకపోవడంలో వింత లేదు. నోరంతా అరిగిన ముసలాయనను చూసి మనిషికి పళ్లు మొలవవు అన్నట్టుంటుంది. ప్లాకోడెర్మ్‌ల పళ్లూ మన పళ్లూ ఒకే మూలం నుంచి వచ్చాయా అన్న వాదన మాత్రం అక్కడితో ముగియలేదు, మీరూ ముగించకండి.

ఒక్కోసారి వరస కూడా అక్కర్లేదు. స్వీడన్‌కు చెందిన గోట్‌లాండ్ దీవిలో దొరికిన ఆండ్రియోలెపిస్ 42 కోట్ల ఏళ్లకు పైబడిన చేప, ఎముక చేపల వంశం మొదట్లోది. దాని దవడ ముక్క ఒకదాన్ని 2016లో ఇలాగే లోపలిదాకా చూస్తే, పన్ను మొదలు కరిగి రాలిపోయి, ఆ స్థానంలోనే కొత్తది వచ్చిన గుర్తులు ఒకదాని కింద ఒకటి పేరుకుని ఉన్నాయి. మన పాలపళ్లు ఊడేటప్పుడు కూడా వేరు ఇలాగే కరుగుతుంది. ఒకే ఎముకలో ఆ చేప బాల్యమంతా దాచిపెట్టుకుంది.

గోగోలోనే ఇంకో రెండు సంగతులు. 2008లో మెటర్‌పిస్సిస్ అనే ప్లాకోడెర్మ్‌ను వివరించారు. దాని కడుపులో పిల్ల ఉంది, పిల్లకు బొడ్డుతాడు కూడా ఉంది. చేపలు పిల్లల్ని కనడం అంత పాతదని అప్పటిదాకా ఎవరూ చూపలేకపోయారు. మరుసటి ఏడాది ఇన్సిసోస్క్యూటమ్ అనే ఇంకో చేప వంతు. దాని కడుపులో ఉన్న చిన్న ఎముకలను అంతకుముందు అది తిన్న ఆహారం అనుకున్నారు. తీరా మళ్లీ చూస్తే, నమిలిన గుర్తుల్లేవు, కడుపులోని ఆమ్లం తిన్న జాడ లేదు, జాతి అదే. తిన్నది కాదు, కనబోయేది. మిగ్వాషాలో పిల్లల్ని చూసి కుళ్లు అన్నారు, గోగోలో పిల్లల్ని చూసి కూడు అన్నారు. బెల్జియంలో స్ట్రూడ్ అనేచోట డెవోనియన్ చివరి రాళ్లలో ప్లాకోడెర్మ్ పిల్లలే ఎక్కువగా దొరికితే, అది పిల్లలు పెరిగే లోతులేని నీటి పట్టు అని 2016లో గుర్తించారు. మీ వృత్తి భాషలో చెప్పాలంటే నర్సరీ చెరువు.

మూడో ప్రశ్నకు జవాబు చిన్నది: మన దగ్గర ఆ వయసు చేపలు దొరికే ఆశ పెట్టుకోకండి. కడప బండలు, కర్నూలు నాపరాళ్లు చేపలు పుట్టకముందటివి. వాటిమీద చెట్టుకొమ్మల్లా కనిపించే నల్లటి గీతలు చూసి శిలాజం అనుకుని ఏటా ఎవరో ఒకరు ఉత్తరం రాస్తారు. అది పగుళ్లలో పాకిన మాంగనీసు ఖనిజం. గోదావరి లోయలో చేపల శిలాజాలు నిజంగానే ఉన్నాయి. ప్రాణహిత, గోదావరి కలిసేచోట, సిరోంచ దగ్గరి కోట అనే ఊరి పేరుతో పిలిచే పొరల్లో మందపాటి మెరిసే పొలుసులున్న లెపిడోటీస్ అనే చేపను పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ డైనోసారు కూడా ఆ పొరలదే. కానీ అవి జురాసిక్ కాలపువి, మిగ్వాషా ముళ్లచేపల వయసులో సగానికి అటూఇటు. మిగ్వాషా ముళ్లచేపల కాలపు పుటలు మన లోయలో లేవు.

ఇక ఆ గంట ఎలా గడపాలి అన్నది. తెరమీద బొమ్మలతో మొదలుపెట్టకండి, పిల్లలు నిద్రపోతారు. మీ హేచరీలో రోజూ చచ్చిపోయే పిల్లలుంటాయి కదా. నాలుగైదు వారాల ముందునుంచి, స్పాన్ మొదలు వేలెడు పిల్ల వరకు రకరకాల సైజులవి పది పన్నెండు ఏరి, ఒక్కొక్కటి ఒక్కో సీసాలో స్పిరిట్‌లో వేసి ఉంచండి. ఒకే జాతివి కావాలి. చీటీ బయట అతికించకుండా సీసా అడుగున అతికించండి. సీసాలు కలగాపులగంగా బల్లమీద పెట్టి, ఇవి ఎన్ని రకాల చేపలో చెప్పమనండి. మూడు అని ఒకరు, అయిదు అని ఒకరు అంటారు. తరవాత వాళ్లచేతే సైజు వరసలో పెట్టించి, చేతి భూతద్దంతో పొలుసు ఎక్కడ మొదలైందో చూడమనండి. 1935 నుంచి 2015 వరకు జరిగిన తగవంతా ఆ బల్లమీద అరగంటలో జరుగుతుంది.

ఇంకో సీసా కూడా ఉంచండి. వేలెడు పిల్లను ఒకదాన్ని మామూలు నీళ్లలో మూడు రోజులు వదిలేసి, కుళ్లాక తీసి వేయండి. కుళ్లి పొలుసు ఊడినదానికీ, ఇంకా పొలుసు రానిదానికీ తేడా ఎలా చెబుతారని అడగండి. చెప్పగలిగిన పిల్లకు బహుమతి హెడ్‌మాస్టరు గారి ఖాతాలో. వాసన విషయంలో ఆయనకు ముందే ఒక మాట చెప్పి ఉంచడం మీ బాధ్యత.

మీ తోటివాళ్ల నవ్వుకు నేను చెప్పగలిగేది ఒకటే: ఆ సీసాల పని వాళ్లకూ అప్పగించండి. నేటి ఎముక చేపల్లో చాలావాటికి పొలుసు పక్కగీత (ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత) వెంట, తోక మొదట్లో మొదలవుతుంది. మీ బొచ్చె పిల్లల్లో ఎక్కడ మొదలైందో, ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర మొదలైందో స్కేలు పెట్టి కొలిచి నాకు రాయండి.